హార్లీ-డేవిడ్సన్ మూతపడుతుందా? అపోహలు - వాస్తవాలు

2006లో అమెరికా మోటార్‌సైకిల్ కంపెనీ హార్లీ-డేవిడ్సన్ ఫ్యాక్టరీల నుంచి డీలర్లకు వెళ్లిన బళ్లు దాదాపు 3.49 లక్షలు. 2024లో ఆ లెక్క లక్షన్నరకు లోపే. అమ్మకాలు పడిన మాట నిజం. దాని చుట్టూ అల్లుకున్న మాటల్లో మాత్రం సగం తప్పులే. ఆ తప్పుల మీద నమ్మకం పెట్టుకుని కొందరు మంచి బండిని అయినకాడికి అమ్ముకుంటున్నారు. ఇంకొందరు కొనకూడని బండి కొంటున్నారు.

అపోహ: ఇంతగా పడ్డాక ఇక తలుపులు మూసేయడమే.

వాస్తవం: అమ్మకాలు పడిన 2024లో కూడా కంపెనీకి 45.5 కోట్ల డాలర్ల నికర లాభం వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన 70.7 కోట్లతో పోలిస్తే బాగా తగ్గింది, కానీ మూతపడే కంపెనీ లెక్క అలా ఉండదు.

హార్లీ వార్తలు చదివేటప్పుడు రెండు అంకెలను విడివిడిగా చూడాలి. ఫ్యాక్టరీ నుంచి డీలరుకు వెళ్లినవి ఒక లెక్క, డీలరు దగ్గర జనం కొన్నవి ఇంకో లెక్క. 2024 చివరి మూడు నెలల్లో డీలర్లకు పంపిన బళ్లు 53 శాతం తగ్గాయి. 'సగానికి కూలిన హార్లీ' అని శీర్షికలు పెట్టింది ఆ అంకె చూసే. అదే మూడు నెలల్లో జనం కొన్నవి 15 శాతం మాత్రమే తగ్గాయి. షోరూముల్లో పేరుకున్న స్టాకు కరగాలని కంపెనీయే కావాలని ఉత్పత్తి తగ్గించింది. పదిహేను శాతం చిన్న దెబ్బ కాదు. అయినా సగం కూలడం వేరు, ఇది వేరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2024లో ఈ కంపెనీ లాభంలో దాదాపు సగం బండి మీద కాదు, బండి కొనడానికి ఇచ్చే అప్పు మీద వచ్చింది. ఆ ఏడాది బళ్ల విభాగం నిర్వహణ లాభం సుమారు 27.8 కోట్ల డాలర్లయితే, అప్పులిచ్చే విభాగానిది దాదాపు 24.8 కోట్లు. 2009 మాంద్యంలో కంపెనీ మెడకు చుట్టుకున్నది కూడా ఈ అప్పుల వ్యాపారమే. దాన్ని నడపడానికి వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ హాత్‌వే దగ్గర 15 శాతం వడ్డీకి 30 కోట్ల డాలర్లు తెచ్చుకోవలసి వచ్చింది. 2025లో ఈ విభాగంలో 4.9 శాతం చొప్పున వాటా కేకేఆర్, పిమ్‌కో అనే పెట్టుబడి సంస్థలకు అమ్మి, అప్పుల పద్దుల్లో పెద్ద భాగం వాళ్లకే బదిలీ చేసే ఒప్పందం కుదుర్చుకుంది. చేతికి డబ్బు వచ్చింది, కానీ ఏటా కచ్చితంగా వచ్చే రాబడిలో కొంత పోయింది. భవిష్యత్తు మీద నిజంగా అనుమానం ఉన్నవాళ్లు చూడాల్సింది ఇక్కడ.

అపోహ: కుర్రాళ్లకు హార్లీ మీద మోజు పోయింది.

వాస్తవం: మోజు ఉన్నా, చేతికందే బండి లేకుండా పోయింది. అమెరికాలో కొత్తవాళ్లు చాలామంది మొదట కొన్నది స్పోర్ట్‌స్టర్ 883. ధర పది వేల డాలర్ల లోపు ఉండేది. 2021లో తెచ్చిన స్పోర్ట్‌స్టర్ ఎస్ ధర 14,999 డాలర్లు. 2022తో 883ని ఆపేశారు. 2021లోనే కంపెనీ ప్రకటించిన ప్రణాళిక కూడా లాభం ఎక్కువున్న పెద్ద టూరింగ్, క్రూజర్ బళ్ల మీదే బలం పెట్టాలన్నది. ఒక్కో బండి మీద లాభం పెరిగింది, మొదటి మెట్టు మాత్రం విరిగింది. పెద్ద బళ్లు కొనే తరానికి వయసు మీద పడుతోంది. కింది నుంచి వచ్చేవాళ్లు తగ్గితే పదేళ్లకు పైన కొనేవాళ్లూ తగ్గుతారు. దీన్ని ముందే చూడకపోవడం పెద్ద తప్పు. కుర్రాళ్ల బళ్లు చేసే బ్యూయెల్ విభాగాన్ని 2009లో మూసేసినప్పుడు కూడా జరిగింది ఇదే.

అపోహ: సుంకాలే ముంచాయి.

వాస్తవం: సుంకాలు దెబ్బ కొట్టాయి. 2018లో ఐరోపా అమెరికా బళ్ల మీద సుంకాన్ని 6 శాతం నుంచి 31కి పెంచింది. అయితే అమ్మకాలు తగ్గడం అంతకు చాలా ముందే మొదలైంది. పైగా సుంకం వల్ల బతికిన కంపెనీ కూడా ఇదే. 1983లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన విదేశీ బళ్ల మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచింది. ఆ ఊపిరితో ఎవల్యూషన్ ఇంజిన్ తెచ్చి, గడువుకు ఏడాది ముందే 'ఇక సుంకం అక్కర్లేదు' అని హార్లీయే చెప్పింది.

అపోహ: హార్లీ అంటే ఆయిల్ కారే బండి.

వాస్తవం: ఈ పేరు 1969 నుంచి 1981 దాకా హార్లీ ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతిలో ఉన్న రోజులది. 1981లో పదమూడుమంది అధికారులు కంపెనీని తిరిగి కొన్నాక, 1984 మోడళ్లతో వచ్చిన ఎవల్యూషన్ ఇంజిన్‌తో ఆ చరిత్ర ముగిసింది. ఇంటర్నెట్‌లో చదివి భయపడే ఇంకో జబ్బు కామ్ చైన్ టెన్షనర్, అంటే ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా పట్టి ఉంచే భాగం. ప్లాస్టిక్ షూ అరిగి, ఆ ముక్కలు ఆయిల్ పంపులోకి పోవడం నిజమే. అది ప్రధానంగా 1999-2006 నాటి ట్విన్ క్యామ్ ఇంజిన్లది. 2007 నుంచి హైడ్రాలిక్ టెన్షనర్ వచ్చింది. మన దేశంలో అమ్మకాలు మొదలైందే 2010లో, కనుక ఇక్కడ కంపెనీ అమ్మిన బళ్లలో ఆ పాత టెన్షనర్ లేదు.

అపోహ: ఇండియా వదిలి వెళ్లిపోయారు, ఇక పార్టులు దొరకవు.

వాస్తవం: 2020 సెప్టెంబరులో సొంత దుకాణం ఎత్తేసి, హర్యానాలోని బావల్ ప్లాంటు మూసేశారు. మరుసటి నెలలోనే అమ్మకాలు, సర్వీసు, పార్టుల బాధ్యత హీరో మోటోకార్ప్ తీసుకుంది. 2023 జులైలో వచ్చిన హార్లీ ఎక్స్440 బండి తయారీ కూడా హీరోదే. కాబట్టి కంపెనీ పరిస్థితి కంటే మీ బండి ఏ ఇంజిన్ కుటుంబానిదో ముఖ్యం.

883 ఇంజిన్ 1986 నుంచి 2022 దాకా ప్రాథమికంగా ఒకటే. ఫిల్టరు, గాస్కెట్, క్లచ్ ప్లేట్లు, లిఫ్టర్లు హార్లీవే కాక బయటి కంపెనీలవీ దొరుకుతాయి. హార్లీ రేపు మూతపడినా ఈ బండి నడుస్తుంది. స్ట్రీట్ 750 దీనికి పూర్తిగా భిన్నం. నీటితో చల్లబడే దాని ఇంజిన్ మిగతా హార్లీలతో పంచుకునేది తక్కువ, తయారైంది కొన్నేళ్లే. బ్రేకు ప్యాడ్లు, టైర్ల సంగతి ఫర్వాలేదు. ట్యాంకు, మీటరు, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) లాంటివి పోతేనే కష్టం. చవగ్గా వస్తోందని స్ట్రీట్ కొనేవాళ్లు అవి పనిచేస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి.

అపోహ: ధర పడింది కదా, ఏ సెకండ్ హ్యాండ్ అయినా లాభమే.

వాస్తవం: ఎక్కువ కాలం నిలబెట్టిన బండి తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా అంత పాత టైరు మార్చాల్సిందే. దిగుమతి బండయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) అడగండి, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిచూడండి. ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి హైదరాబాద్‌లో తక్కువకు వస్తే ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలిపి లెక్కేయండి.

883 అయితే ఈ వరుసలో చూడండి. మొదట, వెనక చక్రాన్ని తిప్పే బెల్ట్. రాయి ఇరుక్కుని పడిన రంధ్రం బెల్ట్ అంచుకు దగ్గరగా ఉంటే అది తెగే ప్రమాదం ఎక్కువ. బిగువు చూడాలంటే గేజ్‌తో కింది వరస మధ్యలో 4.5 కిలోల బలం పెట్టి ఎంత కదిలిందో కొలవాలి. చేత్తో నొక్కి చెప్పేది లెక్కలోకి రాదు. తర్వాత ప్రైమరీ చైన్, అంటే ఇంజిన్ నుంచి క్లచ్‌కు బలం అందించే గొలుసు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పై వరసలో 9.5 నుంచి 12.7 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువైన చోటును లెక్కలోకి తీసుకోవాలి. వదులుగా ఉన్న చోట సరిచేస్తే బిగువైన చోట చైన్ లాగేసి బేరింగులు దెబ్బతింటాయి.

ఆయిల్ రెండు చోట్ల ఉంటుంది. ఇంజిన్‌కు ఫిల్టరుతో కలిపి 2.65 లీటర్లు, ప్రైమరీ, గేర్‌బాక్సు కలిసున్న గదికి దాదాపు 0.95 లీటరు. క్లచ్ ఆ రెండో ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కనుక జారుడు రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజిన్ ఆయిల్ మాత్రమే మార్చి 'సర్వీసైంది' అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే రెండింటి బిల్లులూ అడగండి.

883 బోల్టులు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ పానా పెట్టి బలవంతం చేసిన మెకానిక్ చేతిలో పడిందా లేదా అన్నది ప్రైమరీ కవరు మీద స్క్రూల తలలు చూస్తే తెలిసిపోతుంది. తలలు అరిగిపోయి ఉంటే లోపల కూడా అదే చెయ్యి పడిందనుకోండి.

చివరగా ఛార్జింగ్. స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట) ప్లగ్ విప్పి, మల్టీమీటరుతో ఒక్కో పిన్నుకూ ఇంజిన్ ఎర్త్‌కూ మధ్య చూడండి. కంటిన్యుటీ వస్తే స్టేటర్ వైండింగ్ కాలింది. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించకపోతే బండి వదిలేయండి.