పెళ్లి రద్దు అంటే విడాకులకు దగ్గర దారి కాదు: ఫ్యామిలీ కోర్టులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"విడాకులు వద్దు మేడం, పెళ్లే రద్దు చేయించండి." మా లాయరు ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోగానే అనే మాట ఇది. ఎందుకంటారో నాకు తెలుసు. రద్దయితే అసలు పెళ్లే కానట్టు లెక్క, రేపు ఇంకో సంబంధం చూసేటప్పుడు తల దించుకోనక్కర్లేదు అని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ ఆ ఆశ చుట్టూ పేరుకున్న అపోహల వల్ల, న్యాయంగా రద్దు దొరకాల్సినవాళ్లు కూడా దాన్ని పోగొట్టుకోవడం కళ్లారా చూస్తున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క తేడా తెలుసుకోండి. విడాకులకు కారణం సాధారణంగా పెళ్లయ్యాక జరిగినదాంట్లో ఉంటుంది. రద్దుకు కారణం పీటల మీద కూర్చున్న రోజుకే ఉండి ఉండాలి. అత్త తిట్టింది, భర్త కొట్టాడు, వేరే వ్యవహారం నడుపుతున్నాడు అంటే అవన్నీ విడాకుల దారి. నేను ఇక్కడ చెప్పేది ఎక్కువగా 1955 నాటి హిందూ వివాహ చట్టం గురించి. అందులో సెక్షన్ 11 మొదటినుంచీ చెల్లని పెళ్లిళ్ల గురించి చెబుతుంది, సెక్షన్ 12 కోర్టు రద్దు చేసేదాకా చెల్లే పెళ్లిళ్ల గురించి.

అపోహ: ఇద్దరం ఒప్పుకున్నాం కదా, జడ్జిగారు రద్దు చేసేస్తారు.

చేయరు. పరస్పర అంగీకారం అనేది విడాకులకు ఉంది, సెక్షన్ 13బీ కింద. సెక్షన్ 12 కింద వేసే పిటిషన్‌లో ఇద్దరూ కుమ్మక్కయ్యారని కోర్టుకు అనిపిస్తే అదే పిటిషన్ కొట్టేయడానికి కారణమవుతుంది. అవతలి పక్షం రాకపోయినా, అంటే వాళ్లు లేకుండానే ఎక్స్‌పార్టీగా విచారణ జరిగినా, కారణాన్ని మీరు రుజువు చేయాల్సిందే.

అపోహ: పెళ్లయి ఏడాది లోపు అయితే ఏ పెళ్లయినా రద్దు చేసుకోవచ్చు.

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. రెండు వేర్వేరు ఏడాదులను జనం కలిపేశారు. విడాకులకు పెళ్లయిన ఏడాది దాకా పిటిషన్ వేయకూడదు, మరీ అసాధారణమైన కష్టం ఉంటే కోర్టు అనుమతితో వేయొచ్చు. రద్దుకు ఆ నిరీక్షణ లేదు, వారం రోజులకే వేయొచ్చు. కానీ మోసం చేసిగానీ బలవంతంగా గానీ సమ్మతి తీసుకున్నారంటే, మోసం తెలిసిన రోజు నుంచి, లేదా బలవంతం ఆగిన రోజు నుంచి, ఏడాది లోపు పిటిషన్ పడాలి. పెళ్లి నాటికే ఆమె వేరొకరి వల్ల గర్భవతి అన్నది కారణమైతే ఆ ఏడాదిని పెళ్లి రోజు నుంచే లెక్కపెడతారు, అదీ ఆ సంగతి పెళ్లప్పుడు భర్తకు తెలియకుండా ఉంటేనే.

గడువుతో పాటు ఇంకో షరతు కూడా ఉంది. మోసం తెలిశాక ఇష్టపూర్వకంగా మళ్లీ భార్యాభర్తల్లా కలిసి ఉంటే, ఏడాది లోపు వచ్చినా కోర్టు పిటిషన్ తీసుకోదు.

ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో కాగితం తీసి బల్ల మీద పేర్చాడు: శుభలేఖ, పెళ్లి ఫోటోలు, మ్యాట్రిమోనీ ప్రొఫైల్ ప్రింటవుట్, దాంట్లో "ఇది మొదటి వివాహం" అన్న చోట పెన్నుతో గీత. చివర్లో అల్లుడి మొదటి పెళ్లి విడాకుల డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు, దాని నకలు. ఇంతకంటే మంచి కేసు ఉండదనిపించింది. నకలు ఎప్పుడు తీసుకున్నారని చూస్తే, వెనక ముద్ర మీద తేదీ పదమూడు నెలల కిందటిది. ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగాను. "పెద్దమనుషులు కూర్చుందామన్నారు మేడం, నాలుగుసార్లు కూర్చున్నాం" అన్నాడు. అమ్మాయి నెమ్మదిగా అంది, "పండక్కి వాళ్లు వచ్చి తీసుకెళ్లారండి, ఇరవై రోజులు ఉండి వచ్చాను." ఆ ఇరవై రోజులూ, దాటిపోయిన ఆ నెలా కలిసి రద్దు తలుపు మూసేశాయి. చివరికి అదే మోసాన్ని క్రూరత్వంగా చూపించి విడాకులు వేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయిది ఏ తప్పూ లేదు. మాట్లాడి సర్దుకోవాలనుకోవడమూ తప్పు కాదు. కాకపోతే పెద్దమనుషుల పంచాయితీ నడుస్తోంది కదా అని చట్టం గడువు ఆగదు.

అపోహ: ఏ అబద్ధం చెప్పినా మోసమే.

పెళ్లి తంతు ఏమిటన్న దాని మీదో, అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయం మీదో మోసం జరిగి ఉండాలి. అది తెలిసి ఉంటే ఈ పెళ్లికి ఒప్పుకునేవాళ్లే కాదు అన్నంత బరువు ఆ విషయానికి ఉండాలి. ముందే పెళ్లయిన సంగతి, తీవ్రమైన మానసిక వ్యాధి దాచడం ఆ కోవలోకి వస్తాయి. వయసు ఒక ఏడాది తగ్గించి చెప్పారనో, ఇంటి గురించి గొప్పలు చెప్పారనో వస్తే నేను మాత్రం రద్దు పిటిషన్ వేయమని సలహా ఇవ్వను.

అపోహ: కాపురమే జరగలేదు కాబట్టి పెళ్లి దానంతటదే చెల్లదు.

దానంతటదే ఏదీ జరగదు. హిందూ వివాహ చట్టంలో కారణం అవతలి వ్యక్తి నపుంసకత్వం, దానివల్ల కాపురం జరగకపోవడం. ఇష్టం లేక దూరంగా ఉండటం ఈ సెక్షన్‌లోకి రాదు, అది విడాకుల్లో క్రూరత్వం కింద వాదించాల్సిన సంగతి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకైతే కావాలని కాపురానికి నిరాకరించడం కూడా రద్దుకు కారణమే. ఇంకో మాట: పిల్లలు పుట్టకపోవడం, నపుంసకత్వం ఒకటి కావు. ఈ రెండూ కలిపి మాట్లాడి ఎంతమంది పరువు బజారున పడేస్తున్నారో చెప్పలేను. కారణం శారీరకమే కానక్కర్లేదు, మానసికమైనదీ కావచ్చు, ఆ ఒక్క జీవిత భాగస్వామి విషయంలోనే కావచ్చు. వైద్య పరీక్షకు కోర్టు ఆదేశించవచ్చని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. బలవంతంగా చేయించరు, కానీ వెళ్లనంటే ఆ నిరాకరణను వాళ్లకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

అపోహ: అతనికి మొదటి భార్య ఉంది కాబట్టి నా పెళ్లి ఎలాగూ చెల్లదు, కోర్టుకెందుకు?

చట్టం ప్రకారం చెల్లదన్నది నిజమే, దీనికి గడువు కూడా లేదు. కానీ చేతిలో డిక్రీ లేకుండా రేపు పాస్‌పోర్టులోనో, ఆస్తి తగాదాలోనో, రెండో పెళ్లి రిజిస్ట్రేషన్‌లోనో ఎవరికి ఏమని చెబుతారు? సెక్షన్ 11 కింద ప్రకటన తెచ్చుకోండి. అదే సెక్షన్ 12 రకం పెళ్లయితే, డిక్రీ రాకముందు ఇంకో పెళ్లి చేసుకోవడం నేరం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా శిక్ష, ముందు పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల దాకా.

మేనరికాల గురించి కూడా అడుగుతారు. మేనమామ, మేనకోడలు, బావామరదళ్లు చట్టంలో నిషిద్ధ బంధుత్వాల్లోనే ఉన్నారు, కానీ ఇద్దరికీ వర్తించే ఆచారం అనుమతిస్తే పెళ్లి చెల్లుతుంది. మన దగ్గర ఆ ఆచారం ఉన్న కుటుంబాలు భయపడనక్కర్లేదు.

బాల్య వివాహం గురించి మాత్రం కాస్త ఆగి చదవండి. వయసు చాలలేదు కాబట్టి ఆ పెళ్లి చెల్లదు అనుకుని ఊరుకుంటారు. సాధారణంగా అది చెల్లుతూనే ఉంటుంది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం కింద, పెళ్లి నాటికి మైనరైన వ్యక్తి రద్దు కోరవచ్చు, మేజరైన రెండేళ్ల లోపు. అంటే అమ్మాయికి ఇరవై నిండేలోపు. ఎత్తుకెళ్లి, బలవంతపెట్టి, అమ్మేసి చేసిన పెళ్లయితే మొదటినుంచీ చెల్లదు. పెళ్లిలో పెట్టిన నగలు, డబ్బు తిరిగి ఇప్పించమని, ఈ చట్టం కింద ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మనోవర్తి ఇప్పించమని కోర్టు ఆదేశించగలదు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అమ్మాయి ఎవరైనా మీకు తెలిసి ఇలా ఉంటే, దయచేసి ఈ వారంలోనే ఎవరో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: రద్దయితే పిల్లలు అక్రమ సంతానం, భార్యకు పైసా రాదు.

రెండూ తప్పు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ప్రకారం చెల్లని పెళ్లిలో పుట్టినా, రద్దయిన పెళ్లిలో పుట్టినా పిల్లలు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రి వాటాకు వచ్చేదాంట్లో కూడా ఉందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెళ్లి చెల్లదని ప్రకటించినా శాశ్వత భరణం అడగవచ్చని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. ఎంత ఇవ్వాలన్నది, అసలు ఇవ్వాలా అన్నది ఆ కేసు సంగతులను బట్టి, ఇద్దరి నడవడిని బట్టి ఉంటుంది.

పెద్దమనుషుల ముందు స్టాంపు పేపర్ మీద సంతకాలు పెడితే పెళ్లి రద్దు కాదు, నోటరీ చేయించినా కాదు. క్రైస్తవ కుటుంబాల్లో చర్చి ట్రిబ్యునల్ ఇచ్చే రద్దు వాళ్ల మతపరమైన అవసరానికే పనికొస్తుంది, చట్టం ముందు మాత్రం కోర్టు డిక్రీ కావాల్సిందేనని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ప్రాసెస్. పెళ్లి జరిగిన చోట, అవతలివాళ్లు ఉంటున్న చోట, చివరిసారి కలిసి ఉన్న చోట వేయొచ్చు, భార్య వేస్తే తానుంటున్న చోటే వేసుకోవచ్చు. నోటీసు, కౌంటర్ (అవతలివాళ్ల జవాబు), కౌన్సెలింగ్, చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం రాతపూర్వకంగా), క్రాస్ (అవతలి లాయరు ప్రశ్నలు), వాదనలు, ఈ వరుసలో నడుస్తుంది. విచారణ తలుపులు మూసే జరుగుతుంది, అందరి ముందూ చెప్పాల్సి వస్తుందన్న టెన్షన్ వద్దు. వాట్సాప్ మెసేజ్‌లే సాక్ష్యమైతే ఫోన్ మార్చకండి, దేన్నీ డిలీట్ చేయకండి, భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో వాటిని దాఖలు చేయాల్సి ఉంటుంది. లాయరు దగ్గరికి వెళ్లేముందు మాత్రం ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకుని వెళ్లండి: నిజం మీకు ఏ తేదీన, ఎవరి ద్వారా తెలిసింది, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని రోజులున్నారు. నేనైతే శుభలేఖ కంటే ముందు ఆ కాగితమే అడుగుతాను.