సొంత ఇల్లు అమ్మితే పన్ను రిటర్ను: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘కొన్నవారు ఒక శాతం పట్టుకున్నారు, ఇక పన్ను తీరిపోయినట్టే.’

ఇల్లు అమ్మి నా దగ్గరకు వచ్చేవారి నోట మొదట వినే మాట ఇదే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించి మీ పాన్ మీద జమ చేస్తారు. అది కేవలం ముందస్తు చెల్లింపు. అసలు పన్ను లాభం మీద పడుతుంది.

2005 చివర్లో 12 లక్షలకు కొన్న ఇంటిని 2024 అక్టోబరులో 62 లక్షలకు అమ్మారనుకోండి. టీడీఎస్ 62 వేలు. లాభం 50 లక్షల మీద 12.5 శాతం లెక్కన పన్ను 6.25 లక్షలు, సెస్సు అదనం. అయితే 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే, భారత్‌లో నివాసి అయిన వ్యక్తికి పాత లెక్క కూడా ఉంది. అందులో కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీ (ధరల పెరుగుదలకు ప్రభుత్వం ఇచ్చే అంకె) ప్రకారం పెంచి లెక్కిస్తారు. ఆ సూచీ 117 నుంచి 363కు పెరిగింది కాబట్టి కొన్న ధర 37.23 లక్షలవుతుంది. మిగిలిన లాభం మీద 20 శాతమంటే దాదాపు 4.95 లక్షలే. రేటు పెద్దది, పన్ను చిన్నది! రెండు లెక్కలూ వేసి చూడనిదే రిటర్ను వేయకండి.

అపోహ: ‘లాభంతో ఇంకో ఇల్లు కొన్నాను. పన్నే లేనప్పుడు రిటర్ను ఎందుకు?’

ఇంకో ఇల్లు కొన్నందుకు దొరికే ఆ పన్ను మినహాయింపును అడగాల్సిందే రిటర్నులో. దాన్ని తీసివేయక ముందు మీ ఆదాయం పన్ను పడని కనీస పరిమితి దాటితే రిటర్ను తప్పనిసరి. పైగా 30 లక్షలు, ఆపైన విలువున్న రిజిస్ట్రేషన్ల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఏటా చేరతాయి.

అపోహ: ‘డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో భద్రంగా ఉంది, రెండేళ్లలో కొంటాను.’

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు గుడ్డ సంచిలోంచి డిపాజిట్ రసీదు తీసి, నా బల్ల మీద ఎంతో నమ్మకంగా పరిచారు. అప్పటికే రిటర్ను గడువు దాటింది. కొనడానికి రెండేళ్లు, కట్టుకోవడానికి మూడేళ్లు గడువున్న మాట నిజమే. కానీ రిటర్ను గడువులోగా ఖర్చు కాని లాభాన్ని బ్యాంకులో ‘క్యాపిటల్ గెయిన్స్ ఖాతా’లోనే వేయాలి, మామూలు డిపాజిట్ చెల్లదు. ఆ రసీదు మడిచి ఆయన చేతికిచ్చినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే సరిపోయేది.

అపోహ: ‘ఇల్లు అమెరికాలో ఉన్న అబ్బాయి పేరిట ఉంది. అయినా టీడీఎస్ 1 శాతమే.’

కాదు. ప్రవాసులకు ఆ 50 లక్షల పరిమితీ లేదు, ఆ 1 శాతమూ లేదు. దీర్ఘకాలిక లాభానికి (రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటి మీద వచ్చేది) 12.5 శాతం, పైన సెస్సు, వర్తిస్తే సర్‌ఛార్జి కూడా మినహాయిస్తారు. చాలామంది కొనుగోలుదారులు భయపడి మొత్తం ధర మీద పట్టేస్తారు. టీడీఎస్ తక్కువ పట్టుకుంటే చాలని ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ‘తక్కువ మినహాయింపు ధ్రువపత్రానికి’ రిజిస్ట్రేషన్‌కు ముందే అబ్బాయి చేత దరఖాస్తు చేయించండి.