గాజు మీది గీతను పూడ్చలేం

మా టీపాయ్ అద్దం మీద వెంట్రుక లాంటి గీత ఒకటి ఉండేది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడితే తెల్లగా మెరిసేది, మధ్యాహ్నానికి కనిపించేది కాదు. స్టీలు పళ్ళెం జరిపితే పడిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నేను మాత్రం ఇసుకనే అనుమానించాను. ఏది దేన్ని గీయగలదో 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కాఠిన్య మానంలో కిటికీ గాజు సుమారు 5.5 దగ్గర ఉంటుంది, వంటింటి స్టీలు కూడా ఇంచుమించు అక్కడే. ఇసుకరేణువు కాఠిన్యం 7. పళ్ళెం అడుగున చిక్కుకున్న ఒక్క రేణువు చాలు. అందుకే దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దకూడదు. ముందు నీళ్లతో దుమ్ము కడిగేసి, ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి.

మీ ఇంట్లో అలాంటి సన్నని గీత ఉంటే దాని మీద ఒక చుక్క కొబ్బరినూనె వేసి చూడండి. గీత దాదాపు మాయమవుతుంది. గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.52, కొబ్బరినూనెది 1.45, గాలిది 1. గీతలో గాలి ఉన్నంతసేపూ దాని గరుకు అంచుల దగ్గర వెలుగు చెదిరిపోతుంది, ఆ చెదిరిన వెలుగే మనకు తెల్లని చారగా కనిపిస్తుంది. నూనె నిండగానే వెలుగు పెద్దగా చెదరకుండా సాగిపోతుంది. నూనె తుడిచేస్తే గీత మళ్లీ ప్రత్యక్షం. మైనం పూయమనే చిట్కాలు చేసేదీ ఇదే. గీతను నిజంగా పోగొట్టాలంటే దాని లోతు దాకా చుట్టూ ఉన్న గాజును అరగదీయాలి. వేరే దారి లేదు.

అయితే మసకగా ఉన్నదల్లా గీత కాదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో స్నానాలగది అద్దాల మీద తెల్లమచ్చలు కడతాయి. అవి చాలావరకు సున్నపు పొరలు. వెనిగర్‌లో గానీ, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గానీ ముంచిన గుడ్డను పావుగంట అంటించి ఉంచితే కరిగిపోతాయి. ఆ నీళ్లు పాలరాయి మీద పడనివ్వకండి, దాన్ని కూడా కరిగిస్తాయి. బ్లీచింగ్ ద్రవంతో అసలే కలపకండి, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఆమ్లంతో తుడిచినా మసక పోలేదంటే అద్దం మీద నిలిచిన నీళ్లు గాజునే తినేసి ఉండవచ్చు. మామూలు గాజులో 70 శాతానికి పైగా సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే), మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సోడా, సున్నం. గాజు మీద నిలిచిన నీటిబొట్టు లోపలి సోడియాన్ని కొద్దికొద్దిగా లాగేసుకుంటుంది. దాంతో బొట్టు క్షారంగా మారుతుంది, ఆరేకొద్దీ ఘాటెక్కుతుంది. క్షారం ఎంత ఘాటో చెప్పే పీహెచ్ విలువ 9 దాటాక సిలికా అల్లిక కూడా కరగడం మొదలవుతుంది. గాజు పలకలను దొంతరగా నిలవ ఉంచేటప్పుడు మధ్యలో కాగితాలు పెట్టడానికి ఈ తేమ భయం కూడా ఒక కారణం.

ఇక టూత్‌పేస్టుతో రుద్దితే గీత పోతుందనే చిట్కా. పంటి ఎనామెల్ కాఠిన్యం సుమారు 5. ఎనామెల్ అరగకుండా ఉండాలని తయారుచేసిన పేస్టు, అంతకంటే గట్టిదైన గాజును ఏం అరగదీస్తుంది? మురికి వదులుతుంది, అద్దం శుభ్రపడుతుంది, అంతే.

గాజుకు మెరుగు పెట్టేవాళ్లు వాడేది సీరియం ఆక్సైడ్ పొడి. సీరియం అనే లోహాన్ని 1803లో గుర్తించారు. అంతకు రెండేళ్ల ముందు కనుగొన్న సీరీస్ గ్రహశకలం పేరే దీనికి పెట్టారు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలోనూ సీరియం ఉంది. ఈ పొడి గాజు కంటే అంత గట్టిదేమీ కాదు. మరి గాజును ఎలా నున్నగా చేస్తుందన్నది పాత ప్రశ్నే. మెరుగు పెట్టడమంటే పెద్ద గీతల స్థానంలో కంటికి కనిపించనంత చిన్న గీతలు గీయడమేనని న్యూటన్ అనుకున్నాడు. 1901లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రాలే మాత్రం అది చెక్కడం కాదనీ, పదార్థం దాదాపు అణువుల స్థాయిలో ఊడివస్తోందనీ వాదించాడు. ఈ విషయంలో రాలే మాటే నిలిచింది. నీళ్లు గాజు పైపొరను మెత్తబరుస్తాయి, సీరియం ఆక్సైడ్ రేణువు ఆ సిలికాతో క్షణకాలం రసాయన బంధం కట్టి దాన్ని లాక్కుపోతుంది. ఇదే పొడిని నీళ్లకు బదులు నూనెలాంటి ద్రవంలో కలిపి రుద్దితే గాజు సరిగా తరగదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే: అంత గట్టి గాజు లొంగేది మామూలు నీళ్ల సాయంతో.

చేసే పద్ధతి సులువే, ఓపిక కావాలి. గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, ఇంట్లో పోదు. తట్టుకోకపోతే పొడిని పలచని మజ్జిగలా కలిపి, ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్కతో గుండ్రంగా, గీతకు చుట్టుపక్కల కూడా రుద్దాలి. ఆరనివ్వకూడదు. డ్రిల్లుకు ఫెల్ట్ బిళ్ల తగిలించి రుద్దితే త్వరగా అవుతుంది గానీ, ఒకేచోట వేడెక్కితే గాజు పగలవచ్చు. పొడి ఎగరకుండా, ఊపిరిలోకి పోకుండా చూసుకోవాలి. ఫోను తెరలు, కళ్లజోళ్లు దీనికి పనికిరావు, వాటి పైపూత లేచిపోతుంది. కారు ముందద్దం జోలికీ వెళ్లకండి. ఒక్కచోటే గుంట పడితే అది కటకంలా పనిచేసి, ఎదురుగా ఉన్న రోడ్డును వంకరగా చూపిస్తుంది. ఫ్లోరైడు ఉన్న ఆమ్ల లేపనాలను ముట్టుకోవద్దు. అవి గాజును మరింత మసకబారుస్తాయి, చర్మంలోంచి దిగి ఎముకను కూడా దెబ్బతీస్తాయి.

టీపాయ్ గీత మీద రెండు పొద్దులు కూర్చున్నాను. ఇప్పుడు ఎండ పడినప్పుడు కూడా తల వంచి వెతికితే గానీ కనిపించదు. దాని పక్కనే మరొకటి గోటికి తగులుతోంది, దాన్ని అలాగే వదిలేశాను.