పాట్టి పలికే పఴం

చెన్నైలో, మాంబలంలో ఉంటాం. పక్కింటి పాట్టి (తమిళంలో బామ్మ) రోజూ సాయంత్రం మా గ్రిల్ గేటు దగ్గర నిలబడి, మా ఏడు నెలల పాపకి అరటిపండు చూపిస్తూ ‘వాఴప్పఴం’ అంటారు. పాప చూపు పండు మీద ఉండదు, ఆవిడ పెదాల మీద ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా నేను ‘పళం’ అనే అంటాను. నాలుకని వెనక్కి మడిచి, అంగిలికి తాకనీయకుండా పలికే ఆ ‘ఴ’ మన పాత శాసనాల్లోనూ ఉంది. తర్వాత చాలా మాటల్లో ‘డ’ అయిపోయింది: వాళ్ల కోఴి మనకి కోడి, ఏఴు మనకి ఏడు.

పాట్టి ‘ళ’, ‘ఴ’ పక్కపక్కన పలికితే నాకు తేడా లీలగా అందుతుంది. పాప వయసు పిల్లలకి ఇలాంటివి చాలావరకు తేలిగ్గానే అందుతాయి. 1984లో కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీ ‘త’, ‘ట’లతో ఈ సంగతి పరీక్షించారు. మనకి తాత వేరు, టాటా వేరు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లకి ఆ తేడా పట్టుకోవడం కష్టం. తల్లి ఒళ్లో కూర్చున్న బిడ్డకి స్పీకర్లో ఒకటే శబ్దం వినిపిస్తూ, ఉన్నట్టుండి రెండోదానికి మారుస్తారు. మార్పు పసిగట్టి తల తిప్పితే, పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ ఆడుతుంది. ఇంగ్లీషు ఇళ్ల పిల్లల్లో 6-8 నెలలవాళ్లు చాలామంది తల తిప్పారు. 10-12 నెలలవాళ్లలో అలా తిప్పినవాళ్లు బాగా తక్కువ. హిందీ ఇళ్ల పిల్లలకి మాత్రం ఆ వయసులోనూ తేడా తెలుస్తూనే ఉంది. వినికిడి తగ్గడం వల్ల కాదిది. ఇంట్లో మాటిమాటికీ వినబడే తేడాలకి మెదడు పదును పెట్టుకుంటుంది, మిగతావాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

‘రెండు భాషలు వినిపిస్తే పిల్ల తికమకపడుతుంది’ అని మా చుట్టాలు టెన్షన్ పెడతారు. అది నిజం కాదు, రెండు భాషల ఇళ్లలో పిల్లలు రెండింటినీ వేరుచేసుకుంటూనే పెరుగుతారు. నాకు దిగులల్లా ఫోనులో రైమ్స్ పెట్టి అదే చాలనుకోవడం గురించి. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం, ఇంగ్లీషు ఇళ్లలోని 9 నెలల పిల్లలతో చైనీస్ మాట్లాడేవాళ్ల చేత 12 సార్లు, సారికి 25 నిమిషాల చొప్పున కబుర్లు చెప్పించి ఆడించింది. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల తేడాని తైవాన్ పిల్లలకి దీటుగా గుర్తుపట్టారని 2003లో ప్రకటించింది. అవే కబుర్లు వీడియోలో చూసిన పిల్లలకి ఏమీ అబ్బలేదు.

అది చదివాక పాట్టిని ఇంకాసేపు ఉండమని అడిగాం. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఆవిడ కుర్చీ కూడా తెచ్చుకుంటున్నారు.