డాబా మీద గ్యాస్ గ్రిల్: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

విజయవాడలో గ్యాస్ పొయ్యిలు, హోటల్ భట్టీలు, గ్రిల్లులు తయారుచేయడం, బాగుచేయడం నా వృత్తి. ఒకప్పుడు గ్రిల్ పని మీద హోటళ్లవాళ్లే వచ్చేవాళ్లు. ఇప్పుడు పటమట, భవానీపురం నుంచి, అవతల గుంటూరు బ్రాడీపేట నుంచి కూడా ఇళ్లవాళ్లు వస్తున్నారు. ఆదివారం డాబా మీద నలుగురూ చేరి కోడి, రొయ్యలు, మొక్కజొన్న కాల్చుకోవాలని ముచ్చటపడి కొంటారు. రెండు వానాకాలాలు దాటేసరికి అది పాత ఇనుప సామాన్లవాళ్లకు పోతుంది. తక్కువ ధరది కొన్నందువల్ల మాత్రమే ఇలా జరగదు. పెట్టిన డబ్బు మూతకీ మెరుపుకీ పోయి, నిప్పు తగిలే భాగాలకు పోకపోవడం వల్ల జరుగుతుంది. బర్నర్, దాని మీద కప్పే రేకు, ముక్కలు పెట్టే జాలీ: ఈ మూడూ గట్టివైతే మిగతా గ్రిల్ సాదాసీదాగా ఉన్నా ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అది అసలైన స్టెయిన్‌లెస్ స్టీల్ కాదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్లు జాగ్రత్తపడుతున్నామనుకుంటూనే మోసపోతున్నారు.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో రకాలున్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దీనికి అయస్కాంతం అంటదు. 430 రకంలో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. దీనికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, అయినా ఇది స్టెయిన్‌లెస్ స్టీలే. ఇక 201, 202 రకాలున్నాయి. నికెల్ ఖరీదు కాబట్టి దాన్ని తగ్గించి మాంగనీస్ కలుపుతారు. వీటికీ అయస్కాంతం అంటదు, కానీ ఉప్పు, తేమ తగిలితే 304 కంటే చాలా ముందే తుప్పు పడతాయి. ఇప్పుడు చూడండి. జేబులో అయస్కాంతం వేసుకుని కొనడానికి వెళ్లినాయన 430ని పక్కన పెట్టేసి, 202ని 304 అనుకుని సంతోషంగా ఇంటికి తెచ్చుకుంటాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. బాగా వంచిన చోట, మడతపెట్టిన చోట 304 కూడా అయస్కాంతాన్ని కాస్త లాగుతుంది.

అందుకే అయస్కాంతం వదిలేసి, బర్నర్ ఏ గ్రేడ్, లోపలి రేకు ఏ గ్రేడ్ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి. బర్నర్‌కీ దాని మీది రేకుకీ 304 కావాలి. బయటి డొక్కుకు, అంటే గ్రిల్ పెట్టెకు, 430 చాలు. మందమైన మామూలు ఇనప రేకు మీద మంచి పౌడర్ కోటింగ్ ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

మన వంట సంగతి కూడా చెప్పాలి. మనం ముక్కకు పట్టించేది ఉప్పు, నిమ్మరసం, పెరుగు, కారం. జాలీ మీద వేడెక్కగానే ఆ ముద్ద కరిగి కింది రేకు మీద, బర్నర్ మీద బొట్లుబొట్లుగా పడుతుంది. ఆ ఉప్పు పులుపులే బర్నర్ రంధ్రాల చుట్టూ లోహాన్ని తినేస్తాయి. మిరియాల పొడి చల్లుకుని తినేవాళ్ల గ్రిల్‌కూ, గుంటూరు కారం దట్టించే మన గ్రిల్‌కూ ఆయుష్షు ఒకటి కాదు. బందరులోనో, సూర్యలంకలోనో తోట ఇల్లున్నవాళ్లకు సముద్రపు గాలి కూడా తోడవుతుంది. వాళ్లకు ఇత్తడి బర్నర్లు, పోత అల్యూమినియం డొక్కు ఉన్నది చూసుకోమని చెబుతాను.

అపోహ: గేజ్ నంబర్ పెద్దదైతే రేకు మందం.

అంతా తలకిందులు. 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9. నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచన. దుకాణంలో మూత మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి పోయి టప్పుమని తిరిగొస్తే ఇక మాట్లాడేదేం లేదు.

అపోహ: బర్నర్లు ఎన్ని ఎక్కువుంటే, బీటీయూ ఎంత ఎక్కువుంటే గ్రిల్ అంత మంచిది.

గ్రిల్ మీద రాసే బీటీయూ అంటే అది గంటకు ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పే లెక్క. ఆ వేడి ఎంత జాలీ మీద పరుచుకుంటుందన్నదే అసలు విషయం. చదరపు అంగుళానికి 80 నుంచి 100 బీటీయూ ఉంటే సరిపోతుంది. అంటే 20 అంగుళాల పొడవు, పన్నెండున్నర అంగుళాల వెడల్పు జాలీకి 20,000 బీటీయూ చాలు. మూత బిగువుగా ఉండి, రేకు మందంగా ఉంటే అంతకన్నా తక్కువైనా ఇబ్బంది లేదు. పలచటి డొక్కులో 40,000 బీటీయూ పెట్టినా వేడి పక్కల నుంచి బయటికి పోతుంది.

ఆరుగురికో ఎనిమిది మందికో వండే ఇంటికి రెండు బర్నర్లు చాలు. ఒకటి మాత్రం వద్దు. కోడి కాలు లాంటిది లోపలిదాకా ఉడకాలంటే ఒక పక్క మంట పెట్టి, ముక్కను రెండో పక్కకు జరిపి మూత వేయాలి. ఒక్క బర్నర్ ఉంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నాలుగు, ఐదు బర్నర్లంటే అన్ని నాబులు, అన్ని జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నటి రంధ్రపు ముక్కలు), అన్ని రిపేర్లు. అదే డబ్బుతో రెండు మంచి బర్నర్లున్నది తీసుకోండి.

గ్రిల్ పెడితే సిలిండర్ ఒక్క పార్టీకే అయిపోతుందని కొందరి భయం. 20,000 బీటీయూ గ్రిల్ పూర్తి మంట మీద గంటసేపు మండితే అర కిలోకు కాస్త తక్కువ గ్యాస్ ఖర్చవుతుంది. 14.2 కిలోల ఇంటి సిలిండర్ దాదాపు 30 గంటలు వస్తుంది.

అపోహ: అమెరికా నుంచి తెచ్చినదైతే తిరుగుండదు.

మన ఊళ్లలో అమెరికాలో పిల్లలు లేని వీధి ఉండదు కాబట్టి ఈ గ్రిల్లులు నా దగ్గరికి బాగానే వస్తాయి. తయారీ బాగుంటుంది, కాదనను. ముందుగా చూడాల్సింది దాని మీద అతికించిన ప్లేటు. ప్రొపేన్ అని ఉంటే అది సుమారు 28 మిల్లీబార్ల ఒత్తిడికి చేసినది. మన ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30, కాబట్టి తెలిసినవాళ్లు చూసి బిగిస్తే పనిచేస్తుంది. నేచురల్ గ్యాస్ అని ఉంటే మాత్రం సిలిండర్‌కు తగిలించకండి. దాని జెట్ రంధ్రాలు పెద్దవి, ఎల్పీజీతో మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. అక్కడి గొట్టానికి మర తిప్పి బిగించే కనెక్షన్ ఉంటుంది, మన సిలిండర్‌కు క్లిక్‌మని కూర్చునే రెగ్యులేటర్. మధ్యలో ఏదో ముక్క అతికించి సర్దేసే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. హోటల్ భట్టీకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్‌ను ఇంటి గ్రిల్‌కు పెట్టడం అంతకంటే ప్రమాదం.

అసలు కష్టం స్పేర్ల దగ్గర వస్తుంది. కొలత కలిసే బర్నర్ ఇక్కడ దొరకదు, అక్కడి నుంచి తెప్పిస్తే ఖర్చు మోపెడు. ఏ గ్రిల్ కొన్నా దుకాణంలోనే ఒక పరీక్ష పెట్టండి: బర్నర్‌ను ఒక స్క్రూ విప్పి బయటికి తీయమనండి, అలాంటిదే ఇంకోటి స్టాకులో ఉందా అని అడగండి. రెండిటికీ అవునంటే ఆ గ్రిల్ మీ ఇంట్లో నిలుస్తుంది. జాలీ, లోపలి రేకు అయితే ఆటోనగర్‌లో కొలత ఇచ్చి 304లో చేయించుకోవచ్చు. జాలీకి 8 మిల్లీమీటర్ల ఊచలు వేయించండి. గ్యాస్ వెళ్లే పైపుల జోలికి మాత్రం వెల్డింగ్ షాపులో వెళ్లకూడదు.

అపోహ: గ్యాస్ మీద బొగ్గుల రుచి రాదు.

బొగ్గు బాగా రాజుకుని పైన బూడిద పట్టాక దానికంటూ పెద్దగా వాసన ఉండదు. మనం బొగ్గుల రుచి అనుకునేదాంట్లో చాలా భాగం కొవ్వు, మసాలా నూనె నిప్పు మీద పడి పొగై, తిరిగి ముక్కను పట్టుకోవడం వల్ల వచ్చేదే. గ్యాస్ గ్రిల్‌లో బర్నర్ మీది రేకు ఆ పని చేస్తుంది, అందుకే అది మందంగా ఉండాలన్నాను. చెక్క పొగ కావాలంటే చిన్న స్టీలు డబ్బాలో ఎండిన మామిడి కలప ముక్కలు వేసి మూలన పెట్టండి. కొరమీను ముక్కలకు అది చాలా బాగా పడుతుంది.

అపోహ: మంట సరిగా రాలేదంటే బర్నర్ పోయినట్టే.

నా దగ్గరికి బర్నర్ మార్చమని వచ్చే గ్రిల్లుల్లో చాలావాటికి మార్చాల్సిన అవసరమే ఉండదు. బర్నర్ గొట్టం మొదట్లో, జెట్ దగ్గర, గాలి లోపలికి వెళ్లే సందు ఉంటుంది. కొన్ని వారాలు గ్రిల్ ముట్టుకోకపోతే మట్టి గూడు కట్టే కందిరీగ అందులో బురద తెచ్చి గూడు కడుతుంది, సాలీడు వల అల్లుతుంది. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే అవతలి వైపు కనపడదు. సన్నటి ఊచతో కదిపితే గట్టిపడిన మట్టి ఉండలు రాలతాయి, వాటితో పాటు లోపల దాచిన ఎండిన సాలీళ్లు కూడా. మంట పసుపుపచ్చగా, సోమరిగా వెలగడం దీని మొదటి గుర్తు. పట్టించుకోకపోతే దారి దొరకని గ్యాస్ వెనక్కి తన్ని నాబ్ దగ్గరే అంటుకుంటుంది. మీ చెయ్యి ఉండేది అక్కడే. సీసాలు కడిగే పొడవాటి బ్రష్ ఒకటి గ్రిల్ పక్కనే పెట్టుకోండి.

అపోహ: కవర్ కప్పితే తుప్పు రాదు.

వేడి తగ్గకముందో, కడిగిన తడి ఆరకముందో కప్పితే ఆ కవరే తుప్పు తెస్తుంది. మన ఉక్కపోతలో లోపలి చెమ్మ ఎటూ పోదు. జాలీ గీకి, పోత ఇనుముదైతే నూనె చెయ్యి రాసి, చల్లారాక కప్పండి.

అపోహ: ఆరుబయటే కదా, లీకైనా గాలికి పోతుంది.

ఎల్పీజీ గాలి కంటే బరువైనది. పైకి లేవదు, నేల మీద పాకుతుంది. పిట్టగోడ చుట్టూ ఉన్న డాబా మీద మూలల్లో నిలుస్తుంది, మెట్ల దారి వెంట ఇంట్లోకి దిగుతుంది. సిలిండర్‌ను నిటారుగా, నీడలో, మెట్ల తలుపుకు దూరంగా పెట్టండి. ఆకుపచ్చ రబ్బరు ట్యూబ్ వద్దు. లోపల తీగ అల్లిన, ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా ట్యూబ్ తీసుకుని ఐదేళ్లకోసారి మార్చండి. అది వేడి డొక్కుకు తగలకుండా చూసుకోండి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ కనెక్షన్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అద్దాలు బిగించిన అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్రిల్ వెలిగించనే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. మూత వేసి నాబ్ తిప్పితే డొక్కు నిండా గ్యాస్ చేరుతుంది, ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు. రెండుసార్లు నొక్కినా అంటుకోకపోతే నాబ్ కట్టేసి, మూత తెరిచి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. గ్యాస్ వాసన తగ్గకపోతే రెగ్యులేటర్ తీసేసి సిలిండర్‌కు సేఫ్టీ క్యాప్ పెట్టి, దూరంగా వచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబర్ గ్యాస్ లీకుల కోసమే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మునిగిన సింగ్‌నగర్ వైపు ఇళ్లవాళ్లకు ఒక మాట. బురద కడిగి ఆరబెట్టిన గ్రిల్ డొక్కు, జాలీ వాడుకోవచ్చు. నీళ్లలో నానిన రెగ్యులేటర్ మాత్రం పైకి ఎంత శుభ్రంగా కనిపించినా వాడకండి. లోపలి రబ్బరు పొర, స్ప్రింగు దగ్గర బురద చేరితే ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఇంకా మార్చకపోయి ఉంటే మళ్లీ గ్రిల్ వెలిగించేలోపే మీ గ్యాస్ ఏజెన్సీలో అడిగి మార్పించుకోండి.