చాదస్తం అనుకుని రెండేళ్లు: డిమెన్షియా గురించి అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్ల మతిమరుపు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల అవస్థ: ఇదీ నా పరిశోధన. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల ఇళ్లు తిరుగుతుంటాను. ఏ గడప తొక్కినా ముందు వినిపించే మాట ఒకటే. "జబ్బేం లేదు మేడమ్, చాదస్తం."

అపోహ: వయసైపోతే ఎవరికైనా ఇంతే.

వాస్తవం: సంతకెళ్లి చింతపండు తేవడం మర్చిపోతే అది వయసు. నలభై ఏళ్లుగా పెడుతున్న చేపల పులుసులో చింతపండు రసం ఎప్పుడు పోయాలో తేలక పొయ్యి ముందు నిలబడిపోతే అది వేరే సంగతి. ఇలా జ్ఞాపకం, ఆలోచన తగ్గి రోజువారీ పనులే చేసుకోలేకపోవడాన్ని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నది సుమారు 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి. 2023లో వచ్చిన అంచనా ఇది. నూటికి తొంభై మందికి పైగా రాని దాన్ని వయసు ఖాతాలో ఎలా వేస్తాం? పల్లెగాలికి ఇలాంటివి రావంటారు గానీ, అదే అంచనాలో పట్నాలకన్నా పల్లెల్లోనే ఎక్కువ. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అసలు ఆ పేరుకు మూలమైన అల్జీమర్ అనే జర్మన్ డాక్టర్ 1901లో పరీక్షించిన ఆ జబ్బు మొదటి పేషెంటుకు 51 ఏళ్లే.

అపోహ: పరీక్షలో మార్కులు తగ్గితే డిమెన్షియా ఉన్నట్టే.

ఈ తప్పు ఇళ్లవాళ్లది కాదు, మాది. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు బడి చదువు ఉన్నవాళ్ల కోసం తయారైనవి. తేదీ చెప్పు, వందలోంచి ఏడేసి తీసేస్తూ పో, ఈ బొమ్మ చూసి గీయి. కందుకూరు వైపు ఒక అవ్వను తేదీ అడిగితే "తారీఖు నాకేం తెలుసమ్మా, రేపు ఏకాదశి, నేను ఒక్కపొద్దు" అంది. రూలు ప్రకారం సున్నా వేశాను. ఇంటికొచ్చి క్యాలెండర్ చూస్తే నిజంగానే ఏకాదశి. సిగ్గేసింది. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో, బడి మొహం చూడని పల్లె జనం కోసం ఈ పరీక్షను హిందీలో తిరగరాసుకున్నది ఇందుకే. ఇప్పుడు మార్కులకన్నా ముందు ఇంటివాళ్లను ఒకటి అడుగుతాను: రెండేళ్ల కిందట సొంతంగా చేసుకున్న ఏ పని ఇప్పుడు చేసుకోలేకపోతున్నారు? పింఛను డబ్బులు లెక్కపెట్టుకోవడమా, పాల లెక్కా, బస్సెక్కి కూతురింటికి పోవడమా?

అపోహ: మందు లేని జబ్బుకు ఆసుపత్రి ఎందుకు?

వాస్తవం: అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు, నిజమే. కానీ మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు కుంగినా, జారిపడ్డ దెబ్బకు తలలో నెమ్మదిగా రక్తం చేరినా ఇలాగే కనిపించవచ్చు. వీటికి వైద్యం ఉంది. ఇక నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే తికమకపడుతూ లేనివి కనిపిస్తున్నాయంటే, అది చాదస్తమూ కాదు, గాలి సోకడమూ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో సోడియం పడిపోవడమో అయివుండొచ్చు. ఆ పూటే తీసుకెళ్లాలి.

అపోహ: రెండు భాషలొస్తే ఈ జబ్బు రాదు.

వస్తుంది. హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క భాషే వచ్చినవాళ్లకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ తేడా కనిపించింది. అంతమాత్రాన అరవై ఏళ్ల నాన్నను తమిళం క్లాసులో చేర్పించకండి. ముందు బీపీ, షుగర్ చూపించండి, వినికిడి తగ్గితే చెవికి మిషన్ పెట్టించండి.

అపోహ: మా పెద్దాయనను ఇంటిల్లిపాదీ చూసుకుంటున్నాం.

ఈ మాట చెప్పేది సాధారణంగా కొడుకు, వరండాలో కుర్చీలో కూర్చుని. కోడలు టీ గ్లాసు ఇచ్చి లోపలికి పోతుంది. కొన్నాళ్లు నేను ఆ వరండా జవాబులే రాసుకొచ్చాను. తర్వాత వంటింట్లో పీట వేసుకుని అడగడం మొదలుపెడితే కాగితం మారిపోయింది. చూసుకునేవాళ్ల భారం కొలవడానికి 22 ప్రశ్నల పట్టిక ఒకటుంది. "మీకంటూ టైం మిగలడం లేదనిపిస్తుందా?" అనేది అందులో ఒకటి. టంగుటూరు దగ్గర ఒకామె అది విని నవ్వింది. "ఆయన పడుకున్నాక పడుకుంటాను, ఆయన లేవకముందే లేస్తాను. మీరే లెక్కేసుకోండి మేడమ్."

వాళ్ల మామయ్య పొగాకు రైతు. సీజన్‌లో రాత్రుళ్లు లేచి బ్యారన్ (కట్టెల మంటతో పొగాకు ఆకు ఎండబెట్టే గది) వేడి చూసుకున్న మనిషి. ఇప్పుడూ రెండింటికి లేచి "మంట తగ్గిపోతోంది" అంటూ తలుపు గడియ లాగుతాడు. "బ్యారన్ అమ్మేసి పదేళ్లయింది నాన్నా!" అని కొడుకు అరిస్తే పెద్దాయన చెయ్యెత్తేవాడట. కోడలు మాత్రం "ఇప్పుడే కట్టెలు ఎగదోసి వచ్చాను మామయ్యా, వేడి సరిగ్గానే ఉంది" అంటుంది. పెద్దాయన తలాడించి మంచం మీదికి పోతాడు. అబద్ధం చెప్పకూడదు, తప్పు సరిదిద్దాలి అని నమ్మేవాళ్లు ఆ ఇంటికి ఒక రాత్రి వెళ్లి చూడాలి. ఆయనకు కావలసింది బ్యారన్ సమాచారం కాదు, పంట భద్రంగా ఉందన్న ధీమా. ఆమెకిది ఎవరూ నేర్పలేదు.

మొన్న మళ్లీ వెళ్లాను. శనివారం రాత్రి కాపలా కొడుకు చూస్తున్నాడట. కట్టెల మాట అతనికీ వచ్చేసింది. మిగతా ఆరు రాత్రులు మాత్రం ఇంకా ఆమెవే.