డేటాబేస్ ఫైల్ బలిసిపోతోందా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

తిరుపతిలో లాడ్జిలకీ మందుల షాపులకీ, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకీ డేటాబేస్‌లు చూసిపెట్టడం నా పని. ఎక్కడికెళ్లినా ఇదే మాట: "ఫైలు పెరిగిపోతా ఉంది సార్, ఏమన్నా చెయ్యండి." ఆ కంగారులో చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తున్నాయి.

అపోహ: పాత బిల్లులు డిలీట్ చేస్తే ఫైల్ సైజు తగ్గుతుంది.

తగ్గదు. గదులు ఖాళీ అయినంత మాత్రాన లాడ్జి బిల్డింగ్ చిన్నదవుతుందా? ఖాళీ అయిన చోటు ఫైల్ లోపలే ఉండిపోతుంది, తర్వాత వచ్చే రికార్డులు అందులో చేరతాయి. పైగా లక్షల రికార్డులు ఒక్క దెబ్బలో డిలీట్ కొడితే అదంతా లాగ్‌లో (ప్రతి మార్పునీ డేటాబేస్ నమోదు చేసుకునే ఫైల్‌లో) రాసుకోవాలి కాబట్టి లాగ్ ఫైల్ ఇంకా ఉబ్బుతుంది. కొంచెం కొంచెంగా తీసేయండి.

అపోహ: రోజూ రాత్రి ష్రింక్ (ఫైల్‌ని కుదించే పని) పెట్టుకుంటే మంచిది.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ష్రింక్ చేస్తే ఫైల్ చివర్లో ఉన్న పేజీలను (డేటా ముక్కలను) తీసుకొచ్చి ముందున్న ఖాళీల్లో పడేస్తుంది, దాంతో ఇండెక్స్‌ల (రికార్డులు త్వరగా దొరకడానికి పెట్టుకున్న సూచికల) వరస చెదిరి రిపోర్టులు నెమ్మదిస్తాయి. అది బాగుచేద్దామని ఇండెక్స్ రీబిల్డ్ చేస్తే దానికి మళ్లీ చోటు కావాలి, ఫైల్ మళ్లీ పెరుగుతుంది, రాత్రికి మళ్లీ ష్రింక్! ఏళ్ల డేటా ఆర్కైవ్‌కి మార్చి, ఆ చోటు ఇక అవసరం లేదనుకున్నప్పుడు ఒక్కసారి చేస్తే తప్పులేదు. ఆటో ష్రింక్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి.

అపోహ: ఫుల్ బ్యాకప్ తీస్తున్నాం కదా, లాగ్ దానంతటదే ఖాళీ అవుతుంది.

ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్‌ని దాచి ఉంచే సెట్టింగ్‌లో) ఉంటే అవ్వదు, విడిగా లాగ్ బ్యాకప్ తీయాల్సిందే. నిన్నటి బ్యాకప్ తర్వాత చేసిన ఎంట్రీలు పోయినా మళ్లీ కొట్టుకోగలం అనుకునే చిన్న షాపుకి లాగ్‌ని దానంతటదే ఖాళీ చేసుకునే సింపుల్ మోడల్ చాలు. సర్వీస్ ఆపి లాగ్ ఫైల్‌ని డిలీట్ చేసే వీరులు కూడా ఉన్నారు, దయచేసి వద్దు, డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు.

అపోహ: 10 జీబీ నిండిందంటే లైసెన్స్ కొనాల్సిందే.

ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022లో డేటాబేస్‌కి 10 జీబీ పరిమితి ఉన్నమాట నిజమే, కానీ అది డేటా ఫైళ్లకే, లాగ్ ఆ లెక్కలోకి రాదు. కొనేముందు ఏ టేబుల్ ఎంత తింటోందో ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్ అనే కమాండ్‌తో చూడండి. లాడ్జిల్లో చాలాసార్లు చోటు తినేసే దొంగ ఎవరంటే ఆధార్ స్కాన్‌లే, బొమ్మలన్నీ టేబుల్‌లోకే తోసేసి ఉంటారు. వాటిని అందరి చేతికీ అందని ఫోల్డర్‌లోకి మార్చి టేబుల్‌లో ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి (పాత్) మాత్రం ఉంచండి, ఆ ఫోల్డర్‌కీ బ్యాకప్ పెట్టండి.

ఇంకా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తోనే నడిపేవాళ్లకి హద్దు 2 జీబీ. అందర్నీ బయటికి రమ్మని, కాపీ తీసుకుని, కంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టండి. వేరే డేటాబేస్‌లైన మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్, ఎస్‌క్యూలైట్‌లో వాక్యూమ్ అనే కమాండ్‌లు ఉన్నాయి, కానీ రెండూ పని మధ్యలో ఇంకో కాపీ రాస్తాయి కాబట్టి డిస్క్ పూర్తిగా నిండాక మొదలుపెడితే సగంలో ఆగిపోతాయి.

ఎక్స్‌ప్రెస్‌లో బ్యాకప్ లాంటి పనులని టైమ్‌కి నడిపే ఏజెంట్ ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఎస్‌క్యూఎల్‌సీఎండీ (ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి కమాండ్‌లు పంపే టూల్) పెట్టుకోవాలి. టైమ్ మాత్రం మీ కౌంటర్ చూసి పెట్టండి: కొండకి వెళ్లేవాళ్లు అర్ధరాత్రి కూడా లాడ్జిలో దిగుతారు, తోతాపురి సీజన్‌లో ఫ్యాక్టరీ కాటా దగ్గర లోడ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి, అక్కడ రాత్రి 2 గంటలంటే ఖాళీ సమయం కాదు.